రొయ్య పొట్టు నుంచి కైటిన్: ఎంజైము వేసినా బూడిద 42 శాతం ఎందుకు?

పెన్నా_పొట్టు:

అందరికీ నమస్తే. మాది ఇందుకూరుపేట వైపు. వనామీ రొయ్యల ప్లాంటు నుంచి వచ్చే తలకాయలు, పొట్టు కలిసిన సరుకు మీద ట్రయల్ వేశాం. యాసిడ్, కాస్టిక్ సోడా ముట్టుకోకుండా బాక్టీరియా ఎంజైములతోనే కైటిన్, అంటే పెంకుకి గట్టిదనమిచ్చే పీచులాంటి పదార్థం, తీయాలని ప్లాను. లెక్కలన్నీ ఇస్తున్నా, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పండి.

200 లీటర్ల నీలం డ్రమ్ము. తడి సరుకు 50 కిలోలు, ముతకగా నలగ్గొట్టింది. నీళ్లు 40 లీటర్లు, బెల్లం 2.5 కిలోలు. తోడుకి పులిసిన ఇడ్లీ పిండి 1 లీటరు, పెరుగు 1 లీటరు. బాసిల్లస్ బాక్టీరియా నుంచి తీసిన ఆల్కలైన్ ప్రొటియేజ్ (ప్రొటీన్‌ని తెంపే ఎంజైము) పొడి 100 గ్రాములు కూడా అప్పుడే కలిపేశాం. మూత బిగించి రేకుల షెడ్డులో 3 రోజులు పెట్టాం.

పీహెచ్ మొదట 7.6, 24 గంటలకు 5.2, 48కి 5.9, 72కి 6.7. రెండో రోజుకే కుళ్లు వాసన. రసం జిగురుగా తీగ సాగుతోంది. మూత ఉబ్బిపోయింది. కడిగి, కళ్లంలో ఎండబెడితే 4.8 కిలోలు మిగిలింది. ల్యాబులో పొడి లెక్కన బూడిద (కాల్చాక మిగిలే ఖనిజం) 42 శాతం, నైట్రోజన్ 5.1, క్రూడ్ ప్రొటీన్ 31.9 అని ఇచ్చారు. అంటే కైటిన్ 26 శాతమేనా? దాంట్లోనే కొంచెం కైటోసాన్ (కాస్టిక్‌తో మార్చిన, పలచని యాసిడ్‌లో కరిగే కైటిన్) చేద్దామని 50 శాతం కాస్టిక్‌లో ఉడికించి చూస్తే, 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో బుడగలు వస్తున్నాయి గానీ కరగడం లేదు.

ఎంజైము డోసు చాలలేదా? చెరువులకు చల్లే ప్రోబయోటిక్‌లో బాసిల్లస్ ఉంటుంది కదా, అది కూడా కలిపితే పని జరుగుతుందా?

లాక్టో_కావలి:

డోసు చాలింది, మిగిలింది కూడా. 50 కిలోల తడి సరుకులో పొడి పదార్థం 11 కిలోలు అనుకోండి, అందులో ప్రొటీన్ నాలుగు, నాలుగున్నర కిలోలు. ప్రొటీన్ బరువులో 1 నుంచి 2 శాతం ఎంజైము చాలు, అంటే 45 నుంచి 90 గ్రాములు. మీకు తక్కువైంది బెల్లం.

పెంకులో ఉన్న ఖనిజం దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. లాక్టిక్ యాసిడ్ బాక్టీరియా దాన్ని నేరుగా ఏమీ చెయ్యదు. చక్కెర తిని యాసిడ్ ఇస్తుంది, ఆ యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది. లెక్క కచ్చితంగా ఉంటుంది: 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కి 180 గ్రాముల లాక్టిక్ యాసిడ్ కావాలి. 180 గ్రాముల గ్లూకోజు మొత్తం లాక్టిక్‌గా మారినా వచ్చేది 180 గ్రాములే. మీ సరుకులో కార్బొనేట్ 3 కిలోలు ఉందనుకుంటే యాసిడ్ 5.4 కిలోలు కావాలి. దిగుబడి 90 శాతం అనుకుంటే చక్కెర 6 కిలోలు, బెల్లమైతే 7 కిలోల దాకా. మీరు వేసింది 2.5. బాక్టీరియా చేతనైనంత చేసింది, మూడో వంతు సున్నం కరిగింది, తిండి అయిపోయింది. మీకు మిగిలిన 4.8 కిలోల్లో 42 శాతమంటే 2 కిలోల బూడిద. చూశారా, 3లో 1 పోయింది. లెక్క సరిపోయింది.

పీహెచ్ ముందు దిగి తర్వాత ఎక్కడం కూడా అందుకే. పెంకు లోపలి సున్నం నెమ్మదిగా కరుగుతుంది. మొదటి రోజు యాసిడ్ తయారీ వేగం ఎక్కువ, 5.2కి దిగింది. చక్కెర అయిపోయాక సున్నం మాత్రం కరుగుతూనే ఉంది, ఉన్న యాసిడ్‌ని తినేసింది. పీహెచ్ 6 దగ్గరికి వచ్చేసరికి కుళ్లుడు బాక్టీరియా లేచి ప్రొటీన్ మీద పడింది, అమ్మోనియా తోడై 6.7 అయింది. వాసన అక్కడిది.

తోడు సంగతి. ఇడ్లీ పిండిలో ముందుగా పెరిగేది ల్యూకనోస్టాక్ అనే బాక్టీరియా. అది తిన్న చక్కెరలో సగమే లాక్టిక్‌గా మారుస్తుంది, మిగతాది కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాలు. పైగా బెల్లంలో ఉన్నది సుక్రోజు కాబట్టి దాన్నుంచి డెక్స్‌ట్రాన్ అనే జిగురు అల్లుతుంది. మీరు చూసిన తీగ అదే, అందులోకి పోయిన చక్కెర యాసిడ్ కాదు. ఇక పెరుగు బాక్టీరియా పాలల్లో బతకడానికి అలవాటుపడింది, అందులో కొన్నిటికి సుక్రోజు అరగనే అరగదు. ఈ పనికి కావాల్సింది లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే లాక్టిక్ బాక్టీరియా. బాక్టీరియా రకాలు భద్రపరిచి అమ్మే చండీగఢ్ ఎంటీసీసీలోగానీ పూణే ఎన్‌సీఐఎంలోగానీ కల్చరు దొరుకుతుంది. అంత దూరం ఎందుకనుకుంటే పాడి రైతులకు అమ్మే సైలేజ్ (పులియబెట్టిన పచ్చిమేత) కల్చరు ప్యాకెట్టు మీద ప్లాంటారమ్ పేరుందో లేదో చూసి తెచ్చుకోండి, నడుస్తుంది.

చెరువు ప్రోబయోటిక్ మాత్రం వద్దు. అందులో ఉండేది నిద్రపోతున్న స్పోర్లు. అవి లేచి, పెరిగి, ఎంజైము వదలాలంటే గాలి కావాలి, ఒకటి రెండు రోజులు పడుతుంది. మూత బిగించిన డ్రమ్ములో ఆ గాలి ఉండదు. పైగా కొన్ని బ్రాండ్లలో బరువుకి కలిపేది కాల్షియం కార్బొనేట్ లేదా జియోలైట్. బూడిద తగ్గించడానికి బూడిద కలిపినట్టు.

ఒంగోలు_ల్యాబు:

బెల్లం లెక్క పైన చెప్పారు, రిపోర్టు సంగతి నేను చెప్తా. ప్రొటీన్ 31.9 అన్నది తప్పు అంకె. నైట్రోజన్‌ని 6.25తో గుణించి ఇచ్చారు. చేపల పొడికి అది సరే. కైటిన్‌లోనే నైట్రోజన్ ఉంటుంది, స్వచ్ఛమైన కైటిన్‌లో 6.9 శాతం. మచ్చ లేని కైటిన్ పంపినా ఈ పద్ధతిలో 43 శాతం ప్రొటీన్ ఉన్నట్టే వస్తుంది.

సరైన లెక్క ఇట్టా. బూడిద 42 పోతే మిగిలిన 58లో కైటిన్, ప్రొటీన్ రెండూ ఉన్నాయి. కొవ్వు, రంగు స్వల్పం, వదిలేద్దాం. 58 అంతా కైటినే అనుకుంటే నైట్రోజన్ 4.0 రావాలి. వచ్చింది 5.1. ఎక్కువొచ్చిన 1.1ని 0.091తో భాగించండి. 0.091 ఎక్కడిదంటే, ప్రొటీన్‌లో నైట్రోజన్ 0.16, కైటిన్‌లో 0.069, వాటి తేడా. 12 వస్తుంది. ప్రొటీన్ 12 శాతం, కైటిన్ 46 శాతం. మీరు భయపడినంత లేదు, అట్టాగని సంబరపడేదీ కాదు.

ఇంకో మాట, కళ్లంలో ఎండబెట్టారు. ఆ బూడిదలో ఇసుక ఎంతో తేల్చుకోండి. 2 గ్రాముల సరుకు కాల్చిన బూడిద మీద 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ 25 మిల్లీలీటర్లు పోసి ఐదు నిమిషాలు మరిగించి, బూడిద మిగలని ఫిల్టర్ పేపరులో వడకట్టి, కడిగి, మళ్లీ కాల్చి తూకం వెయ్యండి. కరగకుండా మిగిలింది ఇసుక. బూడిద తీసేటప్పుడు ఫర్నేసు 550 నుంచి 600 డిగ్రీల్లోనే ఉంచమనండి. 800 దాటితే కార్బొనేట్ విడిపోయి కాల్షియం ఆక్సైడ్ అవుతుంది, బరువు 44 శాతం తగ్గుతుంది. రెండు ల్యాబుల అంకెలు కలవకపోతే ముందు అడగాల్సింది ఫర్నేసు ఎంతలో పెట్టారనే.

ఎసిటిక్ యాసిడ్‌లో బుడగలు వచ్చాయన్నారుగా, అది మిగిలిన కార్బొనేట్. 1 గ్రాము సరుకులో 0.42 గ్రాముల కార్బొనేట్ ఉంటే 100 మిల్లీలీటర్ల 1 శాతం ద్రావణంలోని యాసిడ్ సగం దానికే ఖర్చయిపోతుంది. అందులో కైటోసాన్ కరగలేదని ఇప్పుడే తీర్పు చెప్పకండి.

పెన్నా_పొట్టు:

చాలా థాంక్స్. ప్రొటీన్ లెక్క గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతా. ప్రొటియేజ్, బెల్లం ఒకేసారి వెయ్యడం తప్పా? విడివిడిగా అయితే ముందు ఏది? మా సరుకులో సగం తల ఉన్న రొయ్య లైను నుంచి వస్తుంది, దానికి తల నల్లబడకుండా మెటాబైసల్ఫైట్ మందు వాడతారు. అదేమైనా అడ్డమా?

సింగరాయకొండ_డ్రమ్ము:

ఒకేసారి వెయ్యడమే రెండో తప్పు. మీ ప్రొటియేజ్ సబ్‌టిలిసిన్ అనే ఎంజైము జాతిది, పీహెచ్ 7 నుంచి 10 మధ్య, 50 నుంచి 60 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తుంది. ప్లాంటారమ్‌కి కావాల్సింది 30 నుంచి 37 డిగ్రీలు, అది పీహెచ్‌ని 4.5కి లాగుతుంది. అక్కడ సబ్‌టిలిసిన్ చేతులెత్తేస్తుంది. ఒకే డ్రమ్ములో ఇద్దరికీ కుదిరే గంటలు మొదటి ఐదారే, ఆ ఐదారు గంటలూ చల్లటి నీళ్లలో పోయాయి.

తలకాయలు ఎక్కువున్న సరుక్కి ముందు ప్రొటియేజ్. తాజా సరుకు పీహెచ్ ఎలాగూ 7.5 పైన ఉంటుంది, సర్దాల్సింది తక్కువ. తలలోని జీర్ణగ్రంథి ఎంజైములు కూడా అదే పీహెచ్‌లో తోడొస్తాయి. ప్రొటీన్ రసం కుళ్లకుండా విడిగా చేతికొస్తుంది, అసలు డబ్బు దాంట్లోనే ఉంది. తల లేని ఉత్త పొట్టు అయితే ముందు యాసిడ్ మంచిది, సున్నం పోతేగాని ఎంజైము లోపలికి చొరబడదు.

50 కిలోలకు ఇట్టా చెయ్యండి. సరుకు ప్లాంటు నుంచి ఐస్‌లో రావాలి, నాలుగు గంటల్లోపు పని మొదలవ్వాలి. ముందు మంచినీళ్లతో ఒక్కసారి కడగండి, ఇది సల్ఫైట్ కోసం, క్లోరిన్ కోసం కూడా. రెండూ లాక్టిక్ బాక్టీరియాకి పడవు, తోడు అంటుకోవడానికి ఆలస్యమైతే ఆ సందులో కుళ్లుడు మొదలవుతుంది. రెండుసార్లు కడిగితే తలలోని ప్రొటీన్ కాలవలో పోతుంది, ఒక్కసారి చాలు.

నీళ్లు 50 లీటర్లు పోసి 55 డిగ్రీలకు వేడి చెయ్యండి. 100 కిలోల ముద్దని 30 నుంచి 55కి తేవడానికి మూడు యూనిట్ల కరెంటు అవుతుంది, డ్రమ్ముకు గోనెపట్ట చుట్టకపోతే ఇంకా ఎక్కువ. కాయిల్ హీటరు నేరుగా ముద్దలో పెడితే ప్రొటీన్ అంటుకుని మాడుతుంది, వేడినీళ్ల తొట్టిలో డ్రమ్ము నిలబెట్టడం మేలు. పీహెచ్ 8కి సర్ది 70 గ్రాముల ప్రొటియేజ్ వెయ్యండి. పొడిని ముందు 1 లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలుపుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ పొడి పీలిస్తే ఆస్తమా లాంటి ఎలర్జీ పట్టుకుంటుంది, డిటర్జెంటు ఫ్యాక్టరీల్లో అందుకే ఎంజైముని గుళికలుగా మార్చారు.

అరగంటకోసారి కలుపుతూ, పీహెచ్ చూస్తూ ఉండండి. ప్రొటీన్ తెగేకొద్దీ పీహెచ్ దానంతటదే దిగుతుంది. దిగితే ఎంజైము పనిచేస్తున్నట్టు, కొంచెం కాస్టిక్ నీళ్లతో మళ్లీ 8కి తెండి. గంట గడిచినా దిగలేదంటే ఎంజైము పాతదన్నమాట. రెండు మూడు గంటలకు దిగడం ఆగిపోతుంది, అక్కడితో చాలు. రాత్రంతా ఉంచితే ఎంజైము కొత్తగా చేసేదేమీ ఉండదు, చల్లారేకొద్దీ పులుపూ కుళ్లూ మొదలవుతాయి. వడకట్టిన రసాన్ని 85 నుంచి 90 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉడికించండి. ఎంజైము ఆగుతుంది, సరుకులో రొయ్యలకు జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ ఉంటే అదీ చస్తుంది. ఉడికించని రసం గానీ కడిగిన నీళ్లు గానీ చెరువుల కాలవలో వదలకండి.

ఇక పెంకు. నీళ్లు 60 లీటర్లు, బెల్లం 4 కిలోలు, సిద్ధంగా పెంచుకున్న ప్లాంటారమ్ ద్రవం 5 లీటర్లు. మొదటి పీహెచ్‌ని వెనిగర్‌తోగానీ నిమ్మ ఉప్పుతోగానీ 6కి దించితే కుళ్లుడు వాటికి సందు దొరకదు. 24 నుంచి 30 గంటలకు రసం వంచేసి, అందులోంచే 3 లీటర్లు తోడుకి ఉంచుకుని, కొత్తగా 50 లీటర్ల నీళ్లు, 3 కిలోల బెల్లం వెయ్యండి. రెండు విడతలు ఎందుకంటే, 3 కిలోల కార్బొనేట్ కరిగితే ఆరున్నర కిలోల కాల్షియం లాక్టేట్ వస్తుంది. 30 డిగ్రీల్లో అది 100 మిల్లీలీటర్లకు 8 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు తక్కువైతే పెంకు మీదే తెల్లగా గింజకట్టి, బూడిదలో మళ్లీ కనిపిస్తుంది.

మూత బిగించొద్దు. ఆ 3 కిలోల కార్బొనేట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 750 లీటర్లు. మూతకి బెజ్జం పెట్టి పైపు ఒక బకెట్టు నీళ్లలో ముంచండి. అన్ని డ్రమ్ములూ ఒకే మూసిన గదిలో పెడితే ఆ గాలి నేల మీదే పరుచుకుంటుంది, వంగి పనిచేసేవాళ్లకి ప్రమాదం. మే నెలలో మన రేకుల షెడ్డు కింద డ్రమ్ము 45 డిగ్రీలు దాటుతుంది, ప్లాంటారమ్ చచ్చిపోతుంది. తాటాకు పందిరి, తడి గోనెలు తప్పవు.

చివరికి బూడిద రెండు మూడు శాతానికి, ప్రొటీన్ ఐదారు శాతానికి దిగితే ట్రయల్ పాసైనట్టే. ఆ మిగిలిన ప్రొటీన్ కైటిన్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది, ఎంత ఎంజైము పోసినా రాదు. 1 శాతం కాస్టిక్‌లో 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాల్సిందే. "కాస్టిక్ లేకుండా" అన్న మీ పట్టు ఇక్కడ కొంచెం సడలించాలి.

మైపాడు_కెమిస్టు:

పైవన్నీ నిజమే గానీ ఖర్చు ఎవరూ మాట్లాడలేదు. అదే 3 కిలోల కార్బొనేట్ కరిగించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ 2.2 కిలోలు చాలు, బజారులో దొరికే 32 శాతం రకం అయితే 7 కిలోలు. ఇటు 7 కిలోల బెల్లం. కిలోకి కిలో సమానం. రెండిటి ధరా మీకు తెలుసు. ఇవతల మూడు రోజులు, అవతల మూడు గంటలు.

ఎంజైము గెలిచేది ప్రొటీన్ దగ్గర. కాస్టిక్‌లో ఉడికిస్తే ప్రొటీన్ పనికిరాని మురుగు, ప్రొటియేజ్‌తో తీస్తే మేతలో కలిపే సరుకు. సున్నం దగ్గర మాత్రం బాక్టీరియా ఖరీదైన యాసిడ్ ఫ్యాక్టరీ. బాక్టీరియా ఎంజైము నిజంగా రసాయన పద్ధతిని పడగొట్టిన చోట్లు వేరే ఉన్నాయి. జపాన్‌లో నిట్టో కెమికల్ వాళ్లు 1985 నుంచి రోడోకాకస్ బాక్టీరియాలోని నైట్రైల్ హైడ్రటేజ్ అనే ఎంజైముతో అక్రిలమైడ్ అనే రసాయనం తయారుచేశారు. రాగి ఉత్ప్రేరకం, అధిక వేడి రెండూ తప్పాయి. అక్కడ ఎంజైము మళ్లీ మళ్లీ పనిచేస్తుంది, ఖర్చయిపోదు. ఇక్కడ మీ బెల్లం అణువు అణువుకీ ఖర్చవుతుంది.

నా సలహా: ప్రొటియేజ్ ఉంచండి, బెల్లం తీసెయ్యండి. 32 శాతం యాసిడ్ 1 లీటరు, నీళ్లు 9 లీటర్లు కలిపితే 1 నార్మల్ దగ్గరికొస్తుంది. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు. 1 కిలో కార్బొనేట్‌కి అది 20 లీటర్లు చొప్పున, మామూలు వేడిలోనే, విడతలుగా. ఒకేసారి పోస్తే నురుగు డ్రమ్ము దాటి కాళ్ల మీదికొస్తుంది.

లాక్టో_కావలి:

ఖర్చు లెక్క ఒప్పుకుంటా. అయితే ఒక పని యాసిడ్ చెయ్యలేదు. పీలింగ్ షెడ్డు దగ్గరే బెల్లం, తోడు కలిపేస్తే సరుకు వాసన రాకుండా ఒక రోజు నిలుస్తుంది. అల్లూరు, విడవలూరు, తోటపల్లిగూడూరు తిరిగి పోగుచేసేవాళ్లకి ఐస్ ఖర్చు తగ్గుతుంది. అందుకని రెండూ కలపొచ్చు: సగం బెల్లం, అంటే 50 కిలోలకు మూడున్నర, 24 గంటల్లో వంచేసి, మిగిలిన కార్బొనేట్‌కి పలచని యాసిడ్. 36 గంటలు దాటనిస్తే మీ మొదటి డ్రమ్ము కథే, పీహెచ్ వెనక్కి ఎక్కుతుంది. దీంట్లో ప్రొటియేజ్ యాసిడ్ తర్వాతకి జరుగుతుంది, ప్రొటీన్‌లో కొంత పులిసిన రసంలోకి పోతుంది. అది తెలిసే దిగండి.

చెరుకు మొలాసిస్ దొరికితే బెల్లం మానెయ్యండి. చక్కెర సగమే ఉంటుంది కాబట్టి బెల్లానికి దగ్గర దగ్గర రెట్టింపు బరువు పట్టుద్ది. కైటిన్‌కి కాస్త రంగు అంటుతుంది.

పెన్నా_పొట్టు:

కైటోసాన్ దశ కూడా ఎంజైముతో అవుతుందా? కైటిన్‌ని కైటోసాన్‌గా మార్చే డీఎసిటైలేజ్ అని ఒకటి విన్నాం.

ఒంగోలు_ల్యాబు:

ఉంది, ఫ్యాక్టరీ పనికి రాదు. కైటిన్ గొలుసులు గట్టిగా పేర్చినట్టుంటాయి, డీఎసిటైలేజ్ పైపైన గీరుతుంది తప్ప లోపలికి పోలేదు. కైటోసాన్‌కి ఇప్పటికీ 45 నుంచి 50 శాతం కాస్టిక్, 100 డిగ్రీల పైన రెండు నుంచి నాలుగు గంటలు, కిలోకి 10 నుంచి 15 లీటర్ల ద్రావణం. 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేకు సైజు ఒకేలా ఉంటేనే సమంగా ఉడుకుతుంది. పెద్ద ముక్కల లోపల పచ్చిగా మిగిలిందే ఎసిటిక్ యాసిడ్‌లో చేప కన్నులా తేలుతుంది.

పూర్తిగా ఎంజైముతోనే పోవాలంటే గమ్యం మార్చుకోండి: ఎసిటైల్ గ్లూకోసమైన్, అంటే కైటిన్ గొలుసు తెగితే వచ్చే విడి చక్కెర. సెర్రేషియా మార్సెసెన్స్ అనే బాక్టీరియా కైటిన్‌ని కోసే కైటినేజులు మూడు వదులుతుంది, వాటికి తోడు సీబీపీ21 అనే ఇంకో ఎంజైము గట్టి పేర్పుని ఆక్సిజన్ సాయంతో తెంపి దారి చేస్తుందని 2010లో తేలింది. కానీ ఆ బాక్టీరియా మనుషులకూ జబ్బు చేస్తుంది, షెడ్డులో పెంచే సరుకు కాదు. ఎంజైము కొనుక్కోవాల్సిందే.

దీనివల్ల మీకో జాగ్రత్త కూడా ఉంది. శుద్ధి చెయ్యని బాసిల్లస్ ఎంజైముల్లో కైటినేజ్ కాస్త కలిసి ఉండొచ్చు. ఎక్కువసేపు ఉంచితే గొలుసులు తెగి, కైటోసాన్ చిక్కదనం పడిపోతుంది. కొనేముందు కైటినేజ్ ఉందా అని అడగండి. చెరువు మట్టిలోంచి బాసిల్లస్ సొంతంగా పట్టుకుందామని మాత్రం దిగకండి, అందులో బాసిల్లస్ సీరియస్ (cereus) అనే జాతి వస్తే అది విషాహార బాక్టీరియా. టెస్టులకు, సలహాకు కొచ్చి సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) వాళ్ల కేంద్రం విశాఖలో ఉంది, కైటిన్ మీద వాళ్లకి పాత అనుభవం.

పెన్నా_పొట్టు:

సరే. 5 కిలోల బకెట్లు నాలుగు పెడతాం: పూర్తి బెల్లం, సగం బెల్లం తర్వాత యాసిడ్, ఉత్త యాసిడ్, తోడు వెయ్యనిది ఒకటి. మొదటిదానికీ మూడోదానికీ ముందు ప్రొటియేజ్. గంటగంటకీ పీహెచ్ రాస్తాం.

సింగరాయకొండ_డ్రమ్ము:

మంచిది. తోడు లేని బకెట్లో కూడా బెల్లం వెయ్యండి, లేకపోతే పోలిక కుదరదు. 5 కిలోల బకెట్టు రాత్రికి చల్లబడిపోతుంది, అన్నిటినీ ఒకే నీళ్ల తొట్టిలో నిలబెట్టండి. పీహెచ్ మీటరు రొయ్య రసంలో నాలుగైదు సార్లు ముంచేసరికి గాజు బుడ్డి మీద ప్రొటీన్ పొర కట్టి తప్పుడు అంకె చూపిస్తుంది. ప్రతిసారీ పీహెచ్ 4, 7 అని తెలిసిన బఫర్ ద్రావణాల్లో చూసుకోండి. బఫర్‌లోనే అంకె జరిగితే, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో చిటికెడు పెప్సిన్ (ప్రొటీన్‌ని అరిగించే ఎంజైము) కలిపి ఎలక్ట్రోడ్‌ని గంటసేపు నానబెట్టండి, ఆ పొర అరిగిపోతుంది.